క్లచ్ సెట్ మార్చాక కూడా గేరు సరిగా పడటం లేదా? గేర్‌బాక్స్ మళ్లీ దించే ముందు ఇవి చూడండి

కొత్త క్లచ్ సెట్ వేయించి బండి ఇంటికి తెచ్చుకున్నాక రివర్స్ వేస్తే గరగరమంటుంది, లేదా ఫస్ట్ గేరు మొరాయిస్తుంది. షెడ్డుకి వెళ్తే వెంటనే వినిపించే మాట "మళ్లీ దించి చూడాలి" అని. దానికి వెంటనే సరేననొద్దు. రిపేరు తర్వాత వచ్చే తేడాల్లో చాలావాటికి కారణం గేర్‌బాక్స్ బయటే ఉంటుంది: కేబుల్ బిగింపు, పైపులో గాలి, గేర్ రాడ్ సెట్టింగ్, ఎర్త్ వైరు. గంటలో చూడగలిగిన పనులివి. విజయవాడ ఆటోనగర్‌కైనా గుంటూరు ఆటోనగర్‌కైనా బండి తిప్పి తీసుకెళ్లే ముందు ఈ వరసలో చూసుకోండి.

1. ఇంజన్ ఆపి గేర్లు వేయండి

ఇంజన్ ఆపేసి, క్లచ్ పూర్తిగా తొక్కి అన్ని గేర్లూ మార్చి చూడండి. అప్పుడు కూడా గట్టిగా ఉంటే తప్పు క్లచ్‌ది కాకపోవచ్చు. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు గేర్ కేబుల్ గానీ రాడ్ గానీ సరైన చోట బిగించి ఉండరు. ఇంజన్ ఆపినప్పుడు తేలిగ్గా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే మాత్రం క్లచ్ పూర్తిగా విడవటం లేదన్నమాట, అంటే పెడల్ తొక్కినా ఇంజన్ తిప్పుడు గేర్‌బాక్స్‌కు చేరుతూనే ఉంది. దాన్ని ఖాయం చేసుకోవడానికి న్యూట్రల్‌లో ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, పెడల్ అడుగుదాకా తొక్కి, ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా రివర్స్ వేయండి. గరగరమంటే విడవనట్టే.

పెడల్ కింద మందపాటి మ్యాట్ ఉంటే ఈ పరీక్షకు ముందే తీసేయండి. అది అడ్డం పడి పెడల్ పూర్తిగా దిగకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

2. కేబుల్ క్లచ్ అయితే

పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. గట్టిదనం తగిలేవరకు అది ఖాళీగా కదిలే దూరమే ఫ్రీ ప్లే. చిన్న కార్లలో సాధారణంగా 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ఖాయం. ఎక్కువుంటే క్లచ్ విడవదు. అసలు లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే బేరింగ్) ప్రెషర్ ప్లేట్‌ను (క్లచ్ ప్లేట్‌ను అదిమి పట్టే భాగాన్ని) ఎప్పుడూ నొక్కి పెట్టే ఉంచుతుంది, కొత్త క్లచ్ ప్లేట్ కూడా జారి కాలిపోతుంది. ఫ్రీ ప్లే లేకుండా కేబుల్ లాగి బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ప్లేట్‌ను తినేసేది అదే. గేర్‌బాక్స్ మీద లీవర్ దగ్గర లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ తిప్పి ఫ్రీ ప్లే సరిచేసి, లాక్ నట్ మళ్లీ బిగించండి. తనంతట తానే అడ్జస్ట్ అయ్యే కేబుల్ ఉన్న బండ్లలో దీన్ని ముట్టుకోవద్దు.

ఇంకొకటి తప్పకుండా చూడాలి. గేర్‌బాక్స్ దించేటప్పుడు దానికున్న ఎర్త్ వైరు విప్పుతారు. తిరిగి బిగించడం మరిచిపోతే స్టార్టర్ మోటారుకు కావాల్సిన కరెంటు క్లచ్ కేబుల్ లోపలి ఇనుప తీగ గుండా తిరుగుతుంది. కేబుల్ వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ పూత కరిగి, నాలుగు రోజుల్లో పెడల్ బండబారుతుంది. కొత్త కేబుల్ వేసినా మళ్లీ అదే కథ. సెల్ఫ్ కొట్టిన వెంటనే కేబుల్ తాకి చూడండి, వెచ్చగా ఉంటే ముందు ఎర్త్ వెతకండి. రివర్స్ లైటు, స్పీడో మీటరు పనిచేస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూస్తే మరిచిపోయిన కనెక్టర్లు బయటపడతాయి.

3. హైడ్రాలిక్ క్లచ్ అయితే

పెడల్ మెత్తగా దిగిపోతూ, రెండు మూడుసార్లు పంపు చేస్తే గేరు పడుతుంటే పైపులో గాలి ఉంది. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. సీసాలో రెండంగుళాలు బ్రేక్ ఆయిల్ పోసి, పారదర్శకమైన ట్యూబు ఒక కొన స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే సిలిండర్) మీద గాలి తీసే నిపుల్‌కు, రెండో కొన ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి; రెండోవారు నిపుల్ అర చుట్టు విప్పి, బుడగలు పోగానే బిగించాలి; ఆ తర్వాతే పెడల్ వదలాలి. పెడల్ కిందే ఉండిపోతే చేత్తో పైకి లాగండి. ట్యూబులో బుడగలు ఆగేవరకు ఇదే వరస. ఈలోగా బండిలోని క్లచ్ ఆయిల్ డబ్బాలో (రిజర్వాయర్‌లో) ఆయిల్ సగానికి తగ్గనివ్వొద్దు, తగ్గితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

ఆ డబ్బా మూత మీద రాసున్న గ్రేడే, డాట్ 3 లేదా డాట్ 4, సీలు తీయని సీసాలోది వాడండి. పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఇంజన్ ఆయిల్ గానీ కొంచెం పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. గాలి తీసిన రెండు రోజులకే పెడల్ మళ్లీ దిగిపోతుంటే లీకు ఉన్నట్టు. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గేర్‌బాక్స్ ముందు భాగం) అడుగున బ్రేక్ ఆయిల్ చెమ్మ కనిపిస్తే లోపలుండే స్లేవ్ సిలిండర్ పోయింది. అప్పుడు గేర్‌బాక్స్ దించక తప్పదు.

4. జారుతోందా?

తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 వేగంతో పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్ జారుతోంది. ఫ్రీ ప్లే సరిగ్గానే ఉంటే ప్లేట్ మీద ఆయిల్ పడిందని అనుమానించాలి. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ కారినా, స్ప్లైన్లకు (ప్లేట్ కూర్చునే గేర్‌బాక్స్ షాఫ్ట్ మీది గాడులకు) గ్రీజు దట్టంగా పూసినా అది ప్లేట్ మీదికే చిమ్ముతుంది.

బండి కదిలేటప్పుడు కొట్టుకుంటుంటే ముందు ఇంజన్ మౌంట్ బోల్టులు చూడండి. అవి బిగిగానే ఉంటే ఫ్లైవీల్ (ప్లేట్ ఆనుకునే ఇంజన్ చక్రం) మీద వేడికి పడిన నీలి మచ్చలో, ప్లేట్ మీద గ్రీజో కారణం.

5. నీట మునిగిన బండి అయితే

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో మునిగిన బండ్లలాంటివైతే ఇంకో కోణం ఉంది. తుప్పుతో ప్లేట్ ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది, స్ప్లైన్లు పట్టేస్తాయి. పెడల్ మామూలుగానే ఉన్నా గేరు పడదు. ఎంత గాలి తీసినా లాభముండదు, విప్పి శుభ్రం చేయాల్సిందే.

6. దించక తప్పకపోతే

దగ్గరుండి ఇవి చూడండి. ప్లేట్ మీద ఫ్లైవీల్ వైపు అని ఉన్న గుర్తు అటే ఉందా? తిరగేసి బిగిస్తే క్లచ్ విడవదు. ఫ్లైవీల్‌కు లేత్ పని కావాలా? ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తున్నారా? స్ప్లైన్లకు గ్రీజు పల్చటి పూత చాలు, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. రిలీజ్ బేరింగ్‌ను డీజిల్‌తో కడగనివ్వొద్దు, లోపలి గ్రీజు పోతుంది. షాఫ్ట్ లోపలికి పోయాక గేర్‌బాక్స్ బరువు ప్లేట్ మీద వేలాడితే ప్లేట్ వంగుతుంది, కింద జాకీ ఉండాలి. చివర్లో గేర్ ఆయిల్ లెవల్ చూపించమని అడగండి.

బైకుల్లో సర్వీసు తర్వాత క్లచ్ జారితే ముందు పోసిన ఆయిల్ డబ్బా చూడండి. జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగుండే బైకు క్లచ్‌కు సరిపోతుందని చెప్పే గుర్తు) అని లేకపోతే, కారు ఆయిల్ పోసి ఉంటే, దాన్ని తీసి సరైనది పోయాలి.

కొత్త ప్లేట్‌కు మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర హాఫ్ క్లచ్‌లో ఆగకుండా న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ వేయండి. ప్లేట్ కుదురుకునే కొద్దీ ఫ్రీ ప్లే తగ్గుతుంది కాబట్టి కేబుల్ బండైతే వెయ్యి కిలోమీటర్ల దగ్గర మరోసారి కొలిచి సరిచేయించండి.