మధుమేహం ఉన్నవారు ద్రాక్షను ఎలా తినాలి, వైన్ విషయంలో ఏమి చూసుకోవాలి

ఎండలు ముదరక ముందే విశాఖపట్నం రైతుబజార్ల దగ్గర తోపుడుబండ్ల మీదికి ద్రాక్ష వస్తుంది, దానితోపాటే మధుమేహం ఉన్న ఇళ్లలోకి రెండు ప్రశ్నలు వస్తాయి: ద్రాక్ష తినవచ్చా, రెడ్ వైన్ షుగరుకు మంచిదన్న మాట నిజమేనా. రెండింటికీ సమాధానం మొక్కల్లో సహజంగా ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాల దగ్గరే ఉంది కనుక అవి పండులో ఎక్కడుంటాయో ముందు తెలుసుకోవాలి.

ఒక నల్లద్రాక్ష తొక్కను గోటితో ఒలిచి చూడండి. లోపలి గుజ్జు లేత ఆకుపచ్చగా ఉంటుంది. వేలికి అంటిన ఊదారంగు తొక్కది. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు, వాటితోపాటు రెస్వెరట్రాల్ తొక్కలో ఉంటాయి, నమిలితే వగరుగా తగిలే ప్రోయాంథోసయనిడిన్లు ఎక్కువగా గింజలో ఉంటాయి; ఇవన్నీ పాలీఫినాల్స్‌లో రకాలే. గుజ్జులో ప్రధానంగా ఉండేవి నీరు, చక్కెర. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములను ఈ పాలీఫినాల్స్ నెమ్మదింపజేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. మనుషుల మీద ఫలితాలు అంత నిలకడగా లేవు. 2011లో నెదర్లాండ్స్‌లో ఊబకాయం ఉన్న పురుషులకు రోజుకు 150 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్ 30 రోజులు ఇవ్వగా ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగుపడింది. 2012లో అమెరికాలో ఊబకాయం లేని స్త్రీలకు 75 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చినా అటువంటి మేలు కనిపించలేదు. అందుచేత ద్రాక్షను మందుగా కాక, కొలిచి తినవలసిన పండుగా చూడడమే సరైనదని నా అభిప్రాయం.

కొలత ఇదీ. చిన్న పండ్లయితే 17, అంటే సుమారు 85 గ్రాములు, 15 గ్రాముల పిండిపదార్థంతో (చక్కెర కూడా కలిసిన కార్బోహైడ్రేట్‌తో) సమానం. అంతే పిండిపదార్థం మూడోవంతు కప్పు అన్నంలోనూ ఉంటుంది. కాబట్టి ద్రాక్ష తిన్న పూట అంత అన్నం తగ్గించాలి, భోజనం యథాప్రకారం చేసి ఆపైన పండు తినకూడదు. ధారగా పడే నీటిలో బాగా కడిగి, తొక్కతోనే నమిలి తినండి. పండు మీది తెల్లని పూత సహజమైన మైనమే, భయపడనవసరం లేదు. రసం తీసి వడకడితే తొక్క, గింజ పిప్పిలోకి పోయి చక్కెర గ్లాసులో మిగులుతుంది. బీచ్ రోడ్డు నడక తరువాత ద్రాక్షరసం తాగే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది. ఎండుద్రాక్షయితే రెండు టేబుల్ స్పూన్లకే 15 గ్రాములు పూర్తవుతాయి.

తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మరొకసారి గ్లూకోమీటరుతో చూసి, ఆ అంకెలను తిన్న పరిమాణంతో సహా రాసుకోండి. రెండు గంటల అంకె మీ డాక్టరు చెప్పిన హద్దు దాటితే పండ్ల సంఖ్య తగ్గించండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడుతూ రెస్వెరట్రాల్ క్యాప్సూల్స్ వేసుకోవాలనుకునేవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఇక వైన్. లీటరు రెడ్ వైన్‌లో రెస్వెరట్రాల్ సగటున 2 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. పై పరీక్షలో ఇచ్చిన 150 మిల్లీగ్రాములు అందాలంటే రోజుకు 75 లీటర్లకు పైగా తాగాలి. ఇజ్రాయెల్‌లో మధుమేహం ఉన్న 224 మందితో రెండేళ్లు సాగి 2015లో వెలువడిన పరిశోధనలో, రాత్రి భోజనంతో 150 మిల్లీలీటర్ల రెడ్ వైన్ తీసుకున్నవారికి మంచి కొలెస్ట్రాల్ పెరిగింది, కానీ పరగడుపు షుగరు తగ్గింది వైట్ వైన్ తీసుకున్నవారిలో. వైట్ వైన్‌లో పాలీఫినాల్స్ చాలా తక్కువ కనుక ఆ తగ్గుదలను వాటి ఖాతాలో వేయలేము. అలవాటు లేనివారు షుగరు కోసం వైన్ మొదలుపెట్టవద్దు.

ఇప్పటికే తాగేవారు ఒక ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. మద్యం లోపల ఉన్నంతసేపు కాలేయం కొత్త గ్లూకోజు తయారుచేయడం తగ్గిస్తుంది, దాంతో ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి మరునాటి ఉదయం వరకు కూడా షుగరు పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో తాగకూడదు, పడుకునే ముందు షుగరు చూసుకోవాలి. షుగరు పడిపోయినప్పటి తడబాటు, చెమట, మాట ముద్దగా రావడం మద్యం మత్తులాగే కనిపిస్తాయి కాబట్టి, అటువంటప్పుడు నిద్రపోనివ్వక వెంటనే గ్లూకోమీటరుతో చూడమని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచాలి.