బ్యాంక్, షోర్, కోస్ట్, బీచ్: ఏ ఒడ్డుకు ఏ మాట?

ఎదురింటి అమ్మాయి మొన్న సాయంత్రం అనువాదం కాగితాలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. "తాతగారూ, నిఘంటువులో బ్యాంక్, షోర్, కోస్ట్, బీచ్ నాలుగింటికీ ఒడ్డు, తీరం అనే ఉందండీ. ఏది ఎక్కడ రాయాలో ఎలా తెలుస్తుందండీ?" అంది. సఖినేటిపల్లిలో పుట్టి ఈ ప్రశ్న నిఘంటువును అడగడమేమిటని, చెప్పులేసుకుని ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళాను.

మొదట నీటిని చూడాలి. నదికి, కాలువకు బ్యాంక్. సముద్రం ఒడ్డుకు ఆ మాట పొరపాటున కూడా వాడకూడదు. కొల్లేరు లాంటి పెద్ద సరస్సుకు షోర్. నదికి కుడి బ్యాంకు, ఎడమ బ్యాంకు అన్నప్పుడు మనం ఎటు తిరిగి ఉన్నామన్నది లెక్క కాదు, నీరు ఎటు పోతుందన్నదే లెక్క. ఎగువనున్న ధవళేశ్వరం వీపు వైపు, సముద్రం దగ్గరి అంతర్వేది ఎదురుగా ఉండేలా నిలబడితే మా ఊరు గోదావరి పాయ వశిష్ఠకు ఎడమ, నరసాపురం కుడి. నరసాపురం నుంచి పంటు మీద తిరిగి వస్తున్నా అంతే.

అసలు చిక్కు గట్టు దగ్గర వస్తుంది. చాలామంది బ్యాంక్ కనబడగానే గట్టు అని రాసేస్తారు. గట్టు మీద నిలబడి ఏటి వైపు చూస్తే ముందు కనిపించేది నీరు కాదు. అరటి తోట, దాని వెనక కొబ్బరి, కాస్త దూరంలో గేదెలు, ఇసుక, ఆ తర్వాత గోదావరి. ఆ చివర నీరు నేలను తాకే వాలు మనకు ఒడ్డు, ఇంగ్లీషులో బ్యాంక్. మన కాళ్ళ కింద ఉన్నది మనుషులు మట్టి పోసి కట్టినది. దాన్ని ఎంబ్యాంక్‌మెంట్ అనాలి. మన నీటిపారుదల కాగితాల్లో ఫ్లడ్ బ్యాంక్ అంటారు, అమెరికాలో లెవీ అంటారు. చెరువు గట్టయితే మన దేశపు ఇంగ్లీషులో బండ్.

ఈ తేడా నాకు పుస్తకంలో దొరకలేదు. పత్రికలో ఉపసంపాదకుడిగా చేరిన కొత్తలో, ఒక వరద రాత్రి, ఇంగ్లీషులో వచ్చిన వార్తలో గోదావరి బ్యాంకులు దాటి ప్రవహిస్తోందని ఉంది. నేను 'ఏటిగట్లు దాటి' అని రాసి అచ్చుకు పంపాను. వార్తలో ఉన్నది ఒడ్డు దాటి, గట్టుకు లోపలే ఉన్న లంక పొలాల్లోకి నీరెక్కిందని. నేను రాసింది గట్టు పొర్లి ఊళ్ళ మీద పడిందని. 1986 ఆగస్టులో గట్లు తెగిన భయం ఇంకా జనంలో పచ్చిగా ఉన్న రోజులవి. పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. "మా అమ్మ ఒక్కతే ఉంది బాబూ, గట్టు ఎక్కడ పొర్లింది?" అని హైదరాబాదు నుంచి ఒకాయన. పొర్లలేదండీ, తప్పు నాదేనండీ అని ఆయనకు నచ్చజెప్పేసరికి నా చొక్కా తడిసింది.

అందుకే ఇప్పుడు నామవాచకం కన్నా ముందు క్రియ చూస్తాను. ఓవర్‌ఫ్లో పక్కన బ్యాంక్ ఉంటే ఒడ్డు దాటింది. బ్రీచ్ అని ఉంటే గట్టుకు గండి పడింది. అనుమానం తీరకపోతే ధవళేశ్వరం దగ్గర ప్రవాహం అంకె చూడాలి. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక నాడు లంకల్లో నీరుందంటే నమ్మవచ్చు, గట్టు పొర్లిందని రాసే ముందు మాత్రం ఎవరికైనా ఫోను చేయాలి.

షోర్ అనేది నీటి మీద ఉన్నవాడి మాట. ఏటిగట్టు నుంచి చూసేవాడికి అవతల ఉన్నది బ్యాంకే. నడి ఏట్లో పడవకు చిల్లు పడినవాడికి అదే షోర్. అందుకే నదిలో మునగబోయినవాడు కూడా అషోర్ చేరాడనే రాస్తారు. చమురు బావులకు ఆన్‌షోర్, ఆఫ్‌షోర్ అన్న పేర్లూ ఇందులోంచి వచ్చినవే. (అన్నట్టు, 'పరీక్ష గట్టెక్కాను' అన్నదాన్ని ఈ పిల్ల బ్యాంక్ ఎక్కించింది. అక్కడ బ్యాంకూ వద్దు, షోరూ వద్దు, పాసయ్యానంటే చాలు.)

కోస్ట్ పటం చూసేవాడి మాట. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం పక్కటెముక. దేశానికో రాష్ట్రానికో సముద్రం వైపు పక్క అన్నమాట. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుపాను దాటింది కోస్ట్‌నే. తుపాను బీచ్ దాటిందని ఎవరూ అనరు. బీచ్ అంటే కాలికి తగిలే ఇసుక, లేదా గులకరాళ్ళు. అంతకు మించి చెప్పాల్సిందేమీ లేదు.

చీకటి పడుతుంటే దిగి వస్తున్నాం. "మరి అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టో? దాన్ని ఎవరూ కట్టలేదు కదండీ" అంది పిల్ల. నేను ఆగిపోయాను. ఏటికీ సముద్రానికీ మధ్య పడిన ఇసుక మేట అది. ఇంగ్లీషులో అలాంటిదాన్ని శాండ్‌బ్యాంక్ అంటారు. ఎత్తుగా పేరుకున్న దిబ్బ అనేదే బ్యాంక్‌కు పాత అర్థం. అక్కడొక్కచోట గట్టుకు బ్యాంకే సరి. కాగితం వెనక్కి తిప్పి, నా పెన్నే తీసుకుని రాసుకుంది.