బోరు స్టార్టర్ బోర్డుకు షీల్డెడ్ ఇండక్టర్ ఎలా ఎంచుకోవాలి

"మెసేజ్ పోయినప్పుడల్లా మోటరు బందైతుంది సార్" అని సిద్దిపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. మేం తయారుచేసిన, మొబైల్ నెట్‌వర్క్‌తో పనిచేసే జీఎస్ఎం స్టార్టర్ అది. బోర్డు తెప్పించి చూశాను. మోటరు కరెంటు కొలిచే హాల్ సెన్సర్ పక్కనే, 8 మిల్లీమీటర్ల దూరంలో, బ్యాటరీ వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్ ఇండక్టర్ (కోర్ మీద చుట్టిన తీగచుట్ట) ఉంది. అయస్కాంత క్షేత్రాన్ని లోపలే ఆపే షీల్డ్ లేని డ్రమ్ కోర్. మోడెమ్ సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు కోర్ నుంచి బయటికొచ్చిన అయస్కాంత క్షేత్రాన్ని సెన్సర్ మోటరు కరెంటుగా లెక్కేసి ఓవర్‌లోడ్ ట్రిప్ ఇచ్చింది. నాట్ల సమయంలో మడికి నీళ్లు ఆగాయి. ఆ తప్పు నాది. దాన్ని ఎలా సరిచేశానో చెప్తాను.

ముందు ఇండక్టర్ విలువ తేల్చుకోవాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జింగ్‌లో 14.4 దాకా వెళ్తుంది. రిపుల్, అంటే ఇండక్టర్ కరెంటులో ఎగుడుదిగుడు, అప్పుడే ఎక్కువ, కాబట్టి లెక్క 14.4 తోనే వేయాలి. అవుట్‌పుట్ 4 వోల్టులు, స్విచింగ్ 500 కిలోహెర్ట్జ్, రిపుల్ 2 ఆంపియర్లలో 30 శాతం, అంటే 0.6. వోల్టేజీల తేడా 10.4ని డ్యూటీ (స్విచ్ ఆన్‌లో ఉండే వంతు, 4/14.4) 0.278తో గుణించి, ఫ్రీక్వెన్సీ, రిపుల్‌ల లబ్ధంతో భాగిస్తే 9.6 మైక్రోహెన్రీలు వస్తుంది. బజారులో దొరికేది 10. పీక్ కరెంటు 2కు సగం రిపుల్ కలిపితే దాదాపు 2.3 ఆంపియర్లు.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. డేటాషీట్‌లో కరెంటు రేటింగులు రెండుంటాయి. ఒకటి వేడికి సంబంధించింది: ఎంత కరెంటుకు ఇండక్టర్ ఇన్ని డిగ్రీలు, తరచుగా 40, వేడెక్కుతుందో చెబుతుంది. రెండోది సాచురేషన్: ఎంత కరెంటుకు ఇండక్టెన్స్ 20 లేదా 30 శాతం పడిపోతుందో చెబుతుంది. ఈ శాతం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, కాబట్టి పోల్చేముందు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. జీఎస్ఎం మోడెమ్ సిగ్నల్ పంపే బర్స్ట్ 4.6 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్లపాటు ఉంటుంది. ఒక్క స్లాటే (అలాంటి 577 మైక్రోసెకన్ల వంతు) వాడితే వేడి తక్కువే. కానీ 2 మైక్రోసెకన్లకోసారి స్విచ్ అయ్యే కన్వర్టర్‌కు ఆ 577 చాలా ఎక్కువ సేపు, దాదాపు 290 సైకిళ్లు. అందుకే ఇక్కడ సాచురేషన్ రేటింగే ముఖ్యం. అది 2.3 దాటితే చాలనుకోకండి. అవుట్‌పుట్ షార్టయితే కన్వర్టర్‌ను నడిపే ఐసీ తన కరెంట్ లిమిట్ దాకా వెళ్తుంది. నా ఐసీ లిమిట్ 3.5, అందుకే 4.5 ఆంపియర్ల ఇండక్టర్ తీసుకున్నాను.

స్టార్టర్ డబ్బా మే ఎండలో పొలం గట్టున ఉంటుంది. ఫెర్రైట్ కోర్ వేడికి త్వరగా సాచురేట్ అవుతుంది, అది కూడా ఒక్కసారిగా. 25 డిగ్రీల గ్రాఫ్ కాదు, 100 డిగ్రీల గ్రాఫ్ చూడండి. లోహపు పొడిని నొక్కి చేసిన మోల్డెడ్ రకంలో ఇండక్టెన్స్ మెల్లగా దిగుతుంది, వేడికి పెద్దగా మారదు. దానిలో కోర్ నష్టం (కోర్‌లో వేడిగా పోయే శక్తి) కొంత ఎక్కువ, అయినా ఈ పనికి నేను అదే ఎంచుకున్నాను. డీసీ నిరోధం 30 మిల్లీఓమ్‌లు ఉంటే 2 ఆంపియర్లకు 0.12 వాట్లు పోతుంది. అది భరించగలం.

షీల్డెడ్ అన్నవన్నీ ఒకటి కావు. డ్రమ్ చుట్టూ అయస్కాంత పొడి కలిపిన జిగురు పూసినవి సగం షీల్డే. ఫెర్రైట్ రింగు ఉన్నవాటిలో కూడా డ్రమ్‌కూ రింగుకూ మధ్య సందులోంచి కొంత లీకవుతుంది. వైండింగు మొత్తం పొడిలో మునిగి ఉండే మోల్డెడ్ రకానికి లీకేజి తక్కువ. అయినా సెన్సర్‌ను 25 మిల్లీమీటర్లు అవతలికి జరిపాను. ఇండక్టర్ మీద చుక్క ఉంటే, అది సాధారణంగా వైండింగ్ మొదలును సూచిస్తుంది. ఆ కాలును స్విచ్ వైపు పెట్టండి. అప్పుడు బయటి చుట్లు అవుట్‌పుట్ వైపు నిశ్శబ్దంగా ఉండి, లోపలి చుట్ల గోలను కొంత కప్పుతాయి.

బోర్డు వచ్చాక ఆసిలోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పును దాని మొనకే తగిలించండి, చిన్న లూపవుతుంది. దాన్ని ఇండక్టర్ మీద, తర్వాత సెన్సర్ మీద పట్టుకుని తేడా చూడండి. ఆపైన మోటరు నడుస్తుండగా మెసేజ్ పంపుతూ సెన్సర్ రీడింగు చూడండి. కొత్త బోర్డుతో అలా వంద మెసేజ్‌లు పంపాను, రీడింగు కదల్లేదు, మోటరూ ఆగలేదు.