వేడి మారితే బ్యాటరీ రీడింగులు ఎందుకు మారతాయి: సమస్య - పరిష్కారం

తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో నడిచే బ్యాటరీ షాపులో అది మరికొంత ఎక్కువగానే ఉంటుంది. చిత్తూరు జిల్లాలో ఎత్తున ఉన్న పలమనేరు, కుప్పం ప్రాంతాల్లోనేమో డిసెంబరు తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ఒకే బ్యాటరీని ఒకే టెస్టర్‌తో ఈ రెండు చోట్లా పరీక్షిస్తే రెండు రకాల ఫలితాలు వస్తాయి. అప్పుడు బ్యాటరీనో టెస్టర్‌నో తప్పుపట్టే ముందు బ్యాటరీ ఎంత వేడిగా ఉంది, పరికరం ఎంత వేడిగా ఉంది, గది ఎంత వేడిగా ఉంది అనే మూడు సంగతులూ విడివిడిగా చూడాలి. ఉష్ణోగ్రత రాయని రీడింగును నమ్మి బ్యాటరీని పనికిరాదని తేల్చడం వినియోగదారుడికి అన్యాయం చేయడమే అవుతుంది.

హైడ్రోమీటర్‌లో గ్రావిటీ తక్కువగా చూపిస్తోంది

రాత్రంతా చార్జింగ్ పెట్టిన ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలో మధ్యాహ్నం హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత చూపే గాజు గొట్టం) గ్రావిటీ, అంటే నీటితో పోలిస్తే యాసిడ్ ఎంత సాంద్రంగా ఉందో చూస్తే 1.240 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చార్జి ఎక్కేకొద్దీ ఈ అంకె పెరగాలి. చార్జి ఎక్కలేదనుకుని మళ్లీ చార్జర్ తగిలిస్తారు. నీరు తగ్గిపోతుంది, ప్లేట్లు దెబ్బతింటాయి, గ్రావిటీ మాత్రం పెరగదు.

యాసిడ్ వేడెక్కినప్పుడు వ్యాకోచించి పలచబడుతుంది కాబట్టి హైడ్రోమీటర్‌లోని బుడ్డి కిందికి దిగి, ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. మన దేశంలో గ్రావిటీని 27 డిగ్రీల వద్ద లెక్కగడతాం. అంతకు పైన ఉన్న ప్రతి డిగ్రీకీ రీడింగుకు 0.0007 కలపాలి, కింద ఉన్న ప్రతి డిగ్రీకీ అంతే తీసివేయాలి. యాసిడ్ 42 డిగ్రీల వద్ద ఉండి రీడింగు 1.240 వచ్చిందనుకుందాం. తేడా 15 డిగ్రీలు, కలపవలసింది 0.0105; అసలు గ్రావిటీ సుమారు 1.250. కుప్పంలో చలికాలం ఉదయం యాసిడ్ 17 డిగ్రీల వద్ద ఉండి 1.250 చూపితే అసలు విలువ 1.243 మాత్రమే. కాగితం మీద మొదటిది బలహీనంగానూ రెండవది బలంగానూ కనిపించినా నిజం దానికి తలకిందులుగా ఉంది.

పరిష్కారం తేలికే. గాజు థర్మామీటర్‌ను సెల్‌లో ముంచి యాసిడ్ వేడిని నేరుగా చూడాలి. గది వేడిని చూసి యాసిడ్ వేడిని ఊహించకూడదు, ఎందుకంటే చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ గదికంటే వేడిగా ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే తీసిన రీడింగు ఎటూ పనికిరాదు. నీరు యాసిడ్‌లో కలిసేదాకా చార్జింగ్ పెట్టి, ఆపి, కుదుటపడనిచ్చాక చూడాలి.

దీనికి జంటగా వచ్చే లోపం ఒకటుంది. ఎండాకాలంలో చార్జర్ వోల్టేజీని తగ్గించకపోతే బ్యాటరీ మితిమీరి చార్జి అవుతుంది. లెడ్ యాసిడ్ సెల్‌కు డిగ్రీ పెరిగినప్పుడల్లా 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గించాలి. ఆరు సెల్‌ల బ్యాటరీకి డిగ్రీకి 4 చొప్పున వేసుకుంటే, 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు పోయేసరికి ఆ తేడా 0.36 వోల్టులు అవుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న చార్జర్ అయితే ఆ సెన్సర్‌ను గోడకు వదిలేయకుండా బ్యాటరీ పక్క భాగానికే అతికించాలి.

టెస్టర్ మధ్యాహ్నం "మంచిది" అంటుంది, మర్నాడు ఉదయం "మార్చండి" అంటుంది

చేతిలో పట్టుకుని వాడే కండక్టెన్స్ టెస్టర్లలో (బ్యాటరీ లోపలి నిరోధాన్ని బట్టి దాని బలాన్ని అంచనా వేసేవి) ఇది తరచుగా కనిపిస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు దిగి నేరుగా షాపుకు వచ్చిన టాక్సీలో బ్యాటరీ ఇంజిన్ వేడికి బాగా కాగి ఉంటుంది. వేడి యాసిడ్‌లో అంతర్నిరోధం తగ్గుతుంది కాబట్టి అరిగిపోయిన బ్యాటరీ కూడా బలంగా కనిపిస్తుంది. రాత్రంతా చల్లారాక నిరోధం పెరిగి అసలు స్థితి బయటపడుతుంది. కార్ల బ్యాటరీ మీద రాసి ఉండే సీసీఏ విలువను (చలిలో ఇంజిన్ స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) మైనస్ 18 డిగ్రీల వద్ద నిర్ణయిస్తారు. టెస్టర్ తాను కొలిచిన నిరోధం నుంచి ఆ విలువను అంచనా వేస్తుందే తప్ప నేరుగా కొలవదు. దానికి అందే ఉష్ణోగ్రత తప్పయితే అంచనా కూడా తప్పుతుంది.

టెస్టర్ ఉష్ణోగ్రత అడిగితే బ్యాటరీ డబ్బా వేడినే ఇవ్వాలి. పరారుణ సెన్సర్ ఉన్న టెస్టర్‌ను బానెట్ లోపలి రేకు వైపు కాక బ్యాటరీ పక్క ప్లాస్టిక్ వైపు గురిపెట్టాలి. మెరిసే లోహం మీద పరారుణ థర్మామీటర్ తప్పుగా చూపుతుంది. అలాంటి చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి. సందేహం ఉంటే బండిని నీడలో కొన్ని గంటలు ఉంచి మళ్లీ పరీక్షించాలి. పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ అయితే పైపొర చల్లబడినా లోపల వేడి చాలాసేపు మిగులుతుంది కాబట్టి రాత్రంతా వదిలేయడమే మేలు.

బ్యాటరీ మొత్తం ఎంత చార్జి ఇవ్వగలదో చూసే కెపాసిటీ పరీక్షలో కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది. వేడిలో బ్యాటరీ ఎక్కువ ఆంపియర్-అవర్లు ఇస్తుంది కాబట్టి మే నెలలో నెగ్గిన బ్యాటరీ డిసెంబరులో ఓడిపోవచ్చు. వారంటీ తగాదాల్లో ఈ సంగతి ముఖ్యం. ఫలితాన్ని 27 డిగ్రీలకు సవరించాకే కంపెనీ చెప్పిన విలువతో పోల్చాలి.

రెండు మల్టీమీటర్లు రెండు వోల్టేజీలు చూపుతున్నాయి

చాలా మీటర్ల మాన్యువల్‌లో ఖచ్చితత్వం 23 డిగ్రీలకు అటూ ఇటూ 5 డిగ్రీల పరిధికే చెబుతారు, అంటే 18 నుంచి 28 వరకు. ఆ పరిధి దాటాక ప్రతి డిగ్రీకీ ఖచ్చితత్వ విలువలో పదో వంతు అదనపు దోషంగా కలపమనడం సాధారణం. 0.5 శాతం మీటర్ 38 డిగ్రీల షెడ్డులో ఉంటే అది 1 శాతం మీటర్ అవుతుంది. 12.60 వోల్టుల మీద అది 0.126 వోల్టు. నిండు చార్జికీ ముప్పాతిక చార్జికీ మధ్య తేడా 0.2 వోల్టు చుట్టుపక్కలే ఉంటుంది కనుక ఈ దోషాన్ని తేలికగా తీసుకోలేం. మీటర్‌ను ఎండలోనూ బండి డాష్‌బోర్డు మీదా పెట్టకూడదు. బల్ల మీటర్‌ను అరగంట ముందే ఆన్ చేసి ఉంచాలి.

డిశ్చార్జి పరీక్ష మధ్యలో ఆగిపోతోంది

12 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు లాగితే దాదాపు 240 వాట్లు పూర్తిగా వేడిగా మారి ఎలక్ట్రానిక్ లోడ్‌లోంచి (పరీక్ష కోసం బ్యాటరీ నుంచి కరెంటు లాగే పరికరం) బయటికి పోవాలి. ఫ్యాను జాలీలో దుమ్ము పేరుకుని, వెనుక భాగం గోడకు ఆనుకుని, గది 40 డిగ్రీల వద్ద ఉంటే లోడ్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. జాలీ శుభ్రం చేయాలి, వెనుక ఖాళీ వదలాలి, పరీక్షను ఉదయానికి మార్చాలి, లేదా కరెంటు తగ్గించాలి. వేడి రక్షణను తీసేసి నడపడం నిప్పుతో చెలగాటం.

పరీక్ష పూర్తయినా కెపాసిటీ అనుమానాస్పదంగా తక్కువ వస్తే వైర్లను తాకి చూడండి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 10 మిల్లీఓమ్‌ల వైరులో 20 ఆంపియర్లకు 0.2 వోల్టు పడిపోతుంది. వైరు వేడెక్కేకొద్దీ అది ఇంకా పెరిగి, కటాఫ్ వోల్టేజీ (పరీక్షను ఆపవలసిన వోల్టేజీ) నిజానికంటే ముందే వచ్చినట్టు కనిపిస్తుంది. కరెంటుకు రెండు, వోల్టేజీకి విడిగా రెండు, మొత్తం నాలుగు వైర్లు నేరుగా టెర్మినల్స్‌కు తగిలిస్తే ఈ లోపం ఉండదు.

వానల్లో రీడింగు నిలవడం లేదు

ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఏసీ గదిలోంచి మీటర్‌ను తేమగాలిలోకి తెస్తే లోపల చెమ్మ పడుతుంది, మిల్లీఓమ్ అంకెలు ఊగుతాయి. బయటి వేడికి అలవాటయ్యేదాకా సంచిలోనే మూసి ఉంచి, తర్వాతే ఆన్ చేయాలి.

లిథియం ప్యాక్ మధ్యాహ్నం చార్జి తీసుకోవడం లేదు

చాలా లిథియం సెల్‌లకు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. ఎండలో నిలిపిన ఎలక్ట్రిక్ స్కూటర్ ప్యాక్ అది దాటితే బీఎంఎస్ (ప్యాక్‌ను కాపాడే నియంత్రణ సర్క్యూట్) చార్జింగ్‌ను ఆపుతుంది. అది లోపం కాదు. ప్యాక్‌ను నీడలో ఉంచి చల్లారనివ్వాలి. ఐసు, నీళ్లు వాడకూడదు.

ప్యాక్ చల్లగా ఉన్నా ఆపుతుంటే థర్మిస్టర్‌ను (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్) విప్పి కొలవాలి. 10 కిలోఓమ్‌ల రకం 25 డిగ్రీల వద్ద 10 కిలోఓమ్‌లు చూపాలి, వేడి పెరిగేకొద్దీ తగ్గాలి. మార్చేటప్పుడు ఆ ఒక్క అంకె కలిస్తే సరిపోదు. వేడితో నిరోధం ఎంత వేగంగా మారుతుందో చెప్పే బీటా విలువ కూడా పాతదానితో కలవాలి, లేకుంటే 25 దగ్గర సరిగ్గా ఉండి 50 దగ్గర డిగ్రీల కొద్దీ తప్పుతుంది. థర్మిస్టర్ బదులు మామూలు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ అతికించి పంపే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. అలా చేస్తే ప్యాక్ కాలిపోతున్నా బీఎంఎస్‌కు 25 డిగ్రీలే కనిపిస్తుంది. ఆ బండి ఎవరి ఇంటి ముందో రాత్రంతా చార్జింగ్‌లో ఉంటుంది. ఈ పని ఎవరు అడిగినా చేయకూడదు.

అసలు థర్మామీటర్ సరైనదేనా?

దంచిన ఐసులో కొద్దిగా శుభ్రమైన నీరు కలిపి, ప్రోబ్ ముంచి, కలుపుతూ కొన్ని నిమిషాలు ఆగితే సున్నా చూపాలి. మరిగే నీటి పరీక్ష మన కొండ ఊళ్లలో నమ్మదగింది కాదు, ఎత్తుకు పోయేకొద్దీ నీరు 100 కంటే తక్కువకే మరుగుతుంది. ఐసులో ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే ఆ తేడాను థర్మామీటర్ మీదే రాసి అతికించాలి. అంతకు మించితే దాన్ని పక్కన పెట్టి, దానితో తీసిన పాత రీడింగులను మళ్లీ తీయాలి.