శ్రీకాళహస్తి కలంకారీ చీర చేయించుకుంటున్నారా? ఏది అడగొచ్చు, ఎప్పుడు అడగాలి

కలంకారీ చీర చేయించుకునేవాళ్లకూ, చేసేవాళ్లకూ మాటా మాటా వచ్చేది చీర చేతికందాకే. అప్పటికి సర్దుబాటుకు వీలుండే రోజులు దాటిపోయి ఉంటాయి. పని ఏ వరసలో నడుస్తుందో తెలిస్తే ఈ తగాదాల్లో చాలా భాగం రావు.

ముందుగా గుడ్డ గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల సిరా పక్కకు పాకదు. ఆ తర్వాత చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీస్తారు. మీరు మార్పులు అడగాల్సింది ఇక్కడే. బొగ్గు గీత దులిపితే పోతుంది. నెమలి మెడ అటు తిప్పమన్నా, కొంగు మీద ఇంకో కొమ్మ వేయమన్నా పెద్ద కష్టం ఉండదు. అందుకే ఆర్డరు ఇచ్చేటప్పుడే 'బొగ్గు గీత అయ్యాక ఒక ఫోటో పెట్టండి, చూసి సరేనంటాను' అని చెప్పుకోవాలి. ఫోటో వచ్చిన రోజే జవాబివ్వాలి. మీరు మూడు రోజులు ఆలస్యం చేస్తే అక్కడ పని మూడు రోజులు ఆగుతుంది.

తర్వాత కలం పట్టి కసిం గీస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరితే వచ్చేదే కసిం. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే అది నల్లగా మారి దారంలో కూర్చుంటుంది. చెరపడం కుదరదు. ఈ దశ దాటాక బొమ్మ మార్చమంటే కొత్త గుడ్డ మీద మొదటి నుంచి చేయమన్నట్టే. దానికి మళ్లీ డబ్బు అడిగితే అది న్యాయమే.

ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, ఆరబెట్టి, పారే నీళ్లలో కడిగి, రంగునిచ్చే చెట్టు చెక్కతో కలిపి ఉడకబెడతారు. పసుపు, నీలం ఆ తర్వాత వస్తాయి. నీళ్లు, ఎండ, ఉడుకు, మళ్లీ నీళ్లు. రంగు ఛాయ నీటిని బట్టీ, ఎండను బట్టీ మారుతుంది. ఫోన్‌లో చూసిన ఎరుపే అచ్చంగా కావాలని పట్టుబడితే ఎవరూ మాటివ్వలేరు. 'ముదురు ఎరుపా, ఇటుక రంగా' వరకే అడగాలి.

ఆర్డరు మాట నోటితో వదిలేయొద్దు. వాట్సాప్‌లో ఇలా రాసి పెట్టండి:

'అన్నా, నమస్తే. నూలు చీర, అయిదున్నర మీటర్లు, రవికె గుడ్డ 80 సెంటీమీటర్లు వేరుగా. కొంగు మీద బొమ్మ, ఒంటి మీద చిన్న పూలు, రెండు వైపులా అంచు. అంతా కలంతో గీసిందే కావాలి, సహజ రంగులే. మొత్తం ధర ఎంత, అడ్వాన్సు ఎంత, ఎన్నాళ్లు పడుతుంది? బొగ్గు గీత ఫోటో, ఎరుపు ఉడికాక ఇంకో ఫోటో పెట్టగలరా?'

'కలంతో గీసిందే' అన్న మాట తప్పక ఉండాలి. కృష్ణా జిల్లా పెడన వైపు కలంకారీ చెక్క అచ్చులతో వేస్తారు, అదీ చేతిపనే. కానీ కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు చీరలు కూడా అమ్ముతున్నారు. రసాయన రంగులు వాడటం తప్పు కాదు. చెప్పకుండా వాడి, సహజ రంగుల ధర తీసుకుంటేనే తప్పు.

గడువు విషయంలో తిరుపతి వైపు వానల లెక్క వేసుకోండి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గుడ్డ ఆరదు, పని కదలదు. సంక్రాంతికి చీర కావాలంటే వానలు మొదలయ్యేలోపు రంగుల పని ముగిసేలా ముందే ఆర్డరివ్వాలి. ముహూర్తం ఉంటే దానికి పదిహేను రోజుల ముందటి తేదీనే గడువుగా చెప్పండి.

పగలు చేతులు రంగులో ఉంటాయి, జవాబు సాయంత్రం వస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగడం మర్యాద. అడ్వాన్సు తీసుకుని వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే మాత్రం గట్టిగా అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. డబ్బు దశలవారీగా ఇవ్వడం ఇద్దరికీ మంచిది: సగం ముందు, మిగతాది పూర్తయిన చీర వీడియో చూశాక. ధర తగ్గాలంటే బేరం బదులు పని తగ్గించమనండి. ఒంటి మీద పూలు మానేసి కొంగు, అంచు వరకే చేయిస్తే ఖర్చు బాగా దిగుతుంది.

పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా కాగితం కనబడేలా ఆపకుండా వీడియో తీయండి. చీరను పగటి వెలుతురులో పూర్తిగా పరిచి, కొలిచి చూడండి. ఒకే రకం పువ్వు ఉన్న రెండు చోట్లను పక్కపక్కన పెట్టి పోల్చండి. గీత మందం, ఆకు వంపు కొంచెమైనా తేడాగా ఉండాలి. అన్నీ చుక్క తేడా లేకుండా ఉంటే అది కలం పని కాదు. చిన్న సిరా చుక్కలు, పాల వాసన, ఛాయలో తేడా లోపాలు కావు. చిరుగు, నూనె మరక, తక్కువ కొలత, ఎరుపు తెల్లగుడ్డలోకి పాకడం, ఒప్పుకున్నది కాకుండా వేరే బొమ్మ, ఇవి లోపాలే. 'చేతిపని కదా' అన్న జవాబు వీటికి చెల్లదు.

లోపం కనిపిస్తే ఉతక్కుండా, కట్టకుండా అదే రోజు ఫోటో పంపి, ఏం కావాలో సూటిగా చెప్పండి: సరిచేయడమా, కొంత డబ్బు వెనక్కా, చీర తిప్పి పంపడమా. 'మనసు మారింది' అంటే మాత్రం మీకోసం గీసిన చీరను వాళ్లు ఇంకెవరికీ అమ్ముకోలేరు. ఎంతకీ తెగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు. ఆ వాట్సాప్ మాటలు, చెల్లింపు రసీదు అప్పుడు పనికొస్తాయి.

ఒక ఫిర్యాదు మాత్రం చేసినవాళ్ల మీద వేయొద్దు: మధ్యలో నలుపు వెలిసి మచ్చ పడటం. నిమ్మరసం, పులిహోర, చింతపండు పులుసు పడితే ఆ పులుపుకి కసిం నలుపు కరుగుతుంది. పడిన వెంటనే మామూలు నీళ్లతో కడగండి, రుద్దొద్దు. మొదటి ఉతుకు విడిగా, చల్లటి నీళ్లలో, కుంకుడుకాయ రసంతో. నీడలో ఆరేసి, తిరగేసి ఇస్త్రీ చేయాలి.