స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కు దరఖాస్తు: కళాశాల నుంచే మొదలుపెట్టండి

విద్యార్థులు జట్లుగా చేరి నిజమైన సమస్యలకు సాంకేతిక పరిష్కారాలు తయారుచేసే జాతీయ పోటీ స్మార్ట్ ఇండియా హ్యాకథాన్. దీనికి ఏ విద్యార్థీ ఒంటరిగా పేరు ఇచ్చుకోలేరు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది. 2017లో మొదలై, కేంద్ర విద్యాశాఖ ఇన్నోవేషన్ సెల్, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిర్వహిస్తున్న ఈ పోటీకి దరఖాస్తు కళాశాల ద్వారానే వెళ్లాలి. కాబట్టి వెబ్‌సైటు తెరవడానికి ముందు మీ కళాశాలలో ఈ పనిని ఎవరు చూస్తున్నారో కనుక్కోండి. ఆ బాధ్యత ఉన్న అధ్యాపకుడిని లేదా అధ్యాపకురాలిని ‘స్పాక్’ (సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్) అంటారు. జట్ల పేర్లు పోర్టల్‌లోకి చేర్చే అధికారం వారిదే.

జట్టులో నాయకుడితో కలిపి సరిగ్గా ఆరుగురు ఉండాలి. ఐదుగురు ఉన్నా, ఏడుగురు ఉన్నా కుదరదు. అందరూ ఒకే కళాశాల వారై ఉండాలి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో మీరు, చింతలవలస ఎంవీజీఆర్‌లో మీ చిన్ననాటి స్నేహితుడు చదువుతుంటే ఎంత చక్కగా కలిసి పనిచేసినా ఒకే జట్టుగా చేరలేరు. బ్రాంచీలు, సంవత్సరాలు మాత్రం వేరు కావచ్చు. నిర్వాహకులు కూడా వేర్వేరు బ్రాంచీల కలయికనే ప్రోత్సహిస్తారు. సాఫ్ట్‌వేర్ విభాగంలో పోటీపడే జట్టులో ఎక్కువమందికి ప్రోగ్రామింగ్ బాగా వచ్చి ఉండాలి. అయితే ఆరుగురూ కంప్యూటర్ సైన్స్ వారే కానక్కరలేదు. సాగునీటి సమస్య ఎంచుకుంటే ఒక సివిల్ విద్యార్థి జట్టుకు ఎంతో బలం.

జట్టులో కనీసం ఒక అమ్మాయి ఉండటం తప్పనిసరి. చివరి రోజున నిబంధన తీర్చడానికి ఎవరో ఒకరి పేరు రాయించే పని దయచేసి చేయకండి. అది ఆ విద్యార్థినికి అన్యాయం, జట్టుకూ నష్టమే. సమస్యను ఎంచుకునే మొదటి చర్చలోనే ఆమె ఉండాలి, కోడ్‌లో ఆమె భాగం ఆమెకు ఉండాలి. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలున్నా, ఆరుగురూ అమ్మాయిలే అయినా అభ్యంతరం లేదు.

జట్టు పేరు మరే జట్టుకూ లేనిదై ఉండాలి. అందులో కళాశాల పేరు ఏ రూపంలోనూ కనిపించకూడదు, పొడి అక్షరాలుగా కూడా.

తర్వాతి మెట్టు కళాశాలలో జరిగే అంతర్గత హ్యాకథాన్. ఇందులో నిలిచిన జట్లనే స్పాక్ పోర్టల్‌లో నామినేట్ చేస్తారు. ఒక్కో కళాశాల ఎన్ని జట్లను పంపవచ్చన్న పరిమితిని ఏ ఏడాదికి ఆ ఏడాది మార్గదర్శకాల్లోనే చూసుకోవాలి. పాత సీనియర్లు చెప్పిన లెక్క మీద ఆధారపడవద్దు. ఆలోచనలోని కొత్తదనం, ఆచరణ సాధ్యత, ఎంతమందికి మేలు జరుగుతుంది, వాడేవారికి ఎంత సులువు వంటివి మూల్యాంకనంలో చూస్తారు.

సమస్యలను, అంటే ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లను, ఎక్కువగా కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ సంస్థలు ఇస్తాయి. వాటిలో ఒకటి ఎంచుకోవచ్చు. స్టూడెంట్ ఇన్నోవేషన్ అనే విభాగం ఉన్నప్పుడు మీ సొంత ఆలోచనతోనూ రావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం వంటి మన జిల్లాల వారు ఈ దారిని గట్టిగా పరిశీలించాలని నా కోరిక. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారికి డయాలసిస్ వేళలు తెలిపే వ్యవస్థ, పలాస జీడిపప్పు పరిశ్రమలో గ్రేడింగ్, వంశధార వరద హెచ్చరిక గ్రామానికి చేరే తీరు వంటివి మీకు కళ్లెదుట ఉన్న సమస్యలు. దూరాన కూర్చున్న జట్టు ఊహించి రాసేదాన్ని మీరు వెళ్లి అడిగి తెలుసుకోగలరు. ఆలోచన ఆ విభాగంలో ఇచ్చిన ఇతివృత్తాల్లో ఒకదానికి సరిపోవాలి.

ఆలోచనను పోర్టల్‌లో ఇచ్చే నమూనాలోనే ప్రెజెంటేషన్‌గా తయారుచేసి పీడీఎఫ్‌గా ఇవ్వాలి. 2024 నమూనాలో శీర్షికతో కలిపి ఆరు స్లయిడ్లకే అనుమతి ఉంది. వర్ణనలు తగ్గించి, పరిష్కారం ఎలా పనిచేస్తుందో చూపే ఒక బొమ్మ పెట్టండి. సభ్యుల పేర్లు కళాశాల రికార్డుల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి.

జాతీయ స్థాయిలో ఎంపికైతే ఫైనల్ మరో రాష్ట్రంలోని కేంద్రంలో పడవచ్చు. సాఫ్ట్‌వేర్ ఫైనల్ 36 గంటలు ఆగకుండా సాగుతుంది. 2023లోనూ, 2024లోనూ ఇది డిసెంబరులో జరిగింది. సెమిస్టర్ పరీక్షల సంగతి ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకోండి. ప్రయాణం గురించి ఇంట్లోవారికి, ముఖ్యంగా అమ్మాయిల తల్లిదండ్రులకు, అధ్యాపకుల చేతనే వివరంగా చెప్పించండి.

మీ కళాశాలలో ఇప్పటిదాకా స్పాక్ లేకపోతే నిరాశపడనక్కరలేదు. ప్రిన్సిపాల్ ఒక అధ్యాపకుడికి ఆ బాధ్యత అప్పగిస్తూ కళాశాల లెటర్‌హెడ్‌పై అనుమతి లేఖ ఇస్తే, ఆయన కళాశాల ఐషే కోడుతో, అంటే ఉన్నత విద్యపై జరిగే అఖిల భారత సర్వేలో కళాశాలకు ఉండే గుర్తింపు సంఖ్యతో, పోర్టల్‌లో నమోదు కావచ్చు. ఆ కోడు కళాశాల కార్యాలయంలో ఉంటుంది. ప్రకటన వచ్చాక పరుగెత్తడం కన్నా, విద్యా సంవత్సరం మొదట్లోనే ఆరుగురూ కలిసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఒక వినతి ఇవ్వండి.