లేజర్‌తో కళ్లద్దాలు వదిలించుకోవాలంటే

అనంతపురం నుంచి బెంగళూరుకో, కర్నూలు నుంచి హైదరాబాదుకో బస్సెక్కే ముందు మీ పాత కళ్లద్దాల చీటీలన్నీ బయటికి తీయండి, 18 ఏళ్లు నిండి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉంటేనే ముందుకెళ్లండి. కాంటాక్ట్ లెన్సులు, మెత్తటివైనా సరే, పరీక్షకు ఒకటి రెండు వారాల ముందే ఆపేయాలి, లేకపోతే కొలతలు తప్పొస్తాయి.

ధర తర్వాత అడగండి. ముందు కార్నియా, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర, మందం ఎంత, లేజర్ తర్వాత ఎంత మిగులుతుందో అడగండి. లాసిక్‌లో, అంటే కార్నియా పై పొరను తెరిచి దాని కింద లేజర్ కొట్టే పద్ధతిలో, ఆ పై పొర కింద కనీసం 250 మైక్రాన్లు (పావు మిల్లీమీటరు) మిగలాలి. కార్నియా మ్యాప్ తీయకుండానే ఆఫర్ ఈరోజే ఆఖరంటే లేచి వచ్చేయండి, నేను ఒకచోట అలాగే వచ్చేశాను. రెండో చోట డాక్టరు కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, కన్నీళ్లు తక్కువున్నాయని ముందు చుక్కల మందు వాడమన్నారు. మన ఎండకీ దుమ్ముకీ ఈ పరీక్ష వదలొద్దు.

ఆపరేషన్ రోజు తోడు మనిషిని తీసుకెళ్లండి, బండి మాత్రం నడపకండి.